సేటు తిజోరిలో పుస్తెలు

ఉస్మాన్‌గంజ్‌లో మాణిక్యమ్మ ఊడ్చే బజారులో కుక్క కూడా అడ్డంగా పడుకోదని హమాలీలు నవ్వేవాళ్లు. ఆమె చీపురుకంటే ఆమె నోరు ముందు వచ్చేది. ఊడ్చి పోయిన జాగాలో ఎవడైనా అరటితొక్క పారేశాడా, ఇక వాడి తాత దగ్గర్నుంచి మొదలుపెట్టేది. అట్లాగని చెడ్డ మనిషి కాదు. తిట్టిన నోటితోనే “చాయ్ తాగినవా?” అని అడిగేది.

ఆమె ఉండేది లాల్‌దర్వాజాలో, ఒక్క అర్ర కిరాయి ఇంట్లో. మొగుడు సీమోను గవర్నమెంటు ఫ్యాక్టరీలో హెల్పరు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. పోయే తోవలో ఎవరితోనో ఒకరితో కొట్లాడేది, ప్రార్థనలో క్షమించమని అడిగేది, తిరిగొచ్చేటప్పుడు మిగిలిన కొట్లాట పూర్తి చేసేది. సీమోను నాలుగడుగులు వెనక నడిచేవాడు, ఈమె ఎవరో తనకు తెలియనట్టు.

మాణిక్యమ్మ వాళ్లమ్మ కూడా చీపురు పట్టిన మనిషే, కానీ కంట్రాక్టరు కింద. జ్వరమొచ్చినా, కాన్పయినా, పొద్దున్నే కంట్రాక్టరు మనిషి వచ్చి తలుపు కొట్టేవాడు. ఆ తలుపు చప్పుడు మాణిక్యమ్మ చెవుల్లో ఉండిపోయింది. మున్సిపాలిటీలో పర్మినెంటు అయిన రోజు గల్లీ అంతా బెల్లం పంచింది. “గవర్నమెంటు నౌకరంటే ఏందనుకున్నవ్? జ్వరమొస్తే పండుకోవచ్చు. గదే!” అని అందరికీ చెప్పుకుంది.

ఇది డెబ్బై ఎనిమిదో సంవత్సరం మాట. ఆ ఏడు ఉస్మాన్‌గంజ్‌లో వైకుంఠం అనే కంట్రాక్టరు పేరు మోగిపోతుండేది. లాంబ్రెట్టా స్కూటరు, నొసటన నిలువు నామం, నోట్లో ఎప్పుడూ “అమ్మా, తల్లీ” అన్న మాట. గోదాములు ఊడ్పించడం, సేట్ల ఇళ్లల్లో మోరీలు, పాయఖానాలు కడిగించడం, పెళ్లిళ్ల హాలులో ఎంగిలి ఎత్తించడం, అన్నీ అతని కంట్రాక్టే. ఇదివరకు ఈ పనులకు లాల్‌దర్వాజా వాళ్లూ, చుట్టుపక్కల బస్తీల వాళ్లూ పోయేవాళ్లు. వాళ్లు కూలి అడుగుతారు, పండుగకు సెలవు అడుగుతారు, లొల్లి పెడతారు. వైకుంఠం మనుషులు ఏమీ అడగరు. సేట్లకు అది మస్తు నచ్చింది.

ఆ మనుషులను పాలమూరు నుంచి తెచ్చేవాడు. ఊళ్లో వాన లేదు, పని లేదు, పట్నంలో పని ఉందంటే ఎవరు రారు? అందరూ ఆడవాళ్లే. గోదాము వెనక రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. పొద్దు గూకితే కావలివాడు బయటనుంచి గొళ్లెం పెట్టేవాడు. పొద్దంతా మిరపకాయల ఘాటులో ఊడ్చి ఊడ్చి, కళ్లు చింతనిప్పుల్లాగా చేసుకుని, తలెత్తకుండా నడిచేవాళ్లు. మెడలో నల్లపూస లేదు. కాళ్లకు మెట్టె లేదు.

ఆ బోసి మెడలు చూసి బజారంతా ఒకటే అనుకుంది. పాపం, మొగుళ్లు పోయినవాళ్లు. దిక్కులేని ఆడవాళ్లకు వైకుంఠం అన్నం పెడుతున్నాడు. “పుణ్యం జేస్తున్నవయ్యా” అని ఎవరైనా అంటే, అతను అవునని అనడు, కాదని అనడు. రెండు చేతులు జోడించి ఆకాశం వంక చూసేవాడు. ఆ చూపుకే ఇంకో కంట్రాక్టు వచ్చేది.

మాణిక్యమ్మ కూడా అట్లాగే అనుకుంది. అన్నీ తెలుసని తిరిగే మనిషి, ఆమెకూ అనుమానం రాలేదు.

ఎండాకాలం పోయి, వానలు పోయి, దసరా దాటింది. ఒకరోజు మధ్యాహ్నం ఉస్మాన్‌గంజ్ నల్లా దగ్గర మాణిక్యమ్మ అన్నం గిన్నె కడుక్కుంటుంటే, ఆ పాలమూరు ఆడవాళ్లలో చిన్నది ఒకతె వచ్చి కళ్లల్లో నీళ్లు కొట్టుకుంటోంది. ఎంత కొట్టుకున్నా మంట పోతలేదు. మాణిక్యమ్మ తన కొంగు తడిపి ఆ పిల్ల కళ్లమీద పెట్టింది.

“రుద్దకు, రుద్దకు. మిర్పకారం రుద్దితే లోపటికి పోతది. గిట్ల తడిబట్ట బెట్టుకో. మొఖానికి బట్ట కట్టుకోమని చెప్పలేదా ఆ నామపాయన?”

“బట్ట యాడిది పెద్దమ్మా,” అన్నది ఆ పిల్ల.

“నీ పేరేంది?”

“రాజమణి.”

చూస్తే ఇరవై దాటినట్టు లేదు. మాణిక్యమ్మ మెల్లగా అడిగింది, “గింత చిన్న వయసుల గీ గతి ఏందే బిడ్డా. నీ పెనిమిటి పోయి ఎన్నేండ్లయితంది?”

రాజమణి కళ్లమీది బట్ట తీసేసింది. మంటను మరచిపోయి గుడ్లప్పగించి చూసింది.

“నా మొగడు సచ్చిండని ఎవలన్నరు?”

“అంటే... ఉన్నడా?”

“అయ్యో పెద్దమ్మా! నీ నోట్లె మన్నువడ! సల్లగున్నడు నా మొగడు! గట్లెందుకంటున్నవ్?” అని లబోదిబోమని ఏడుపు అందుకుంది.

మాణిక్యమ్మను అంతమాట అని బతికి బట్టకట్టినవాళ్లు లేరు. ఆ రోజు మాత్రం ఆమె తిట్టు మరచి దగ్గరికి జరిగింది. రాజమణి మెడవంక, కాలివేళ్లవంక చూసింది. మెట్టెలున్న చోట చర్మం తెల్లగా గుండ్రంగా కనబడుతోంది. ఇన్నాళ్లు ఎదురుగా తిరుగుతుంటే ఎట్లా చూడలేదు?

“మరి పుస్తె ఏదే?”

“కంట్రాక్టరు కాడుంది.”

రాజమణి వెక్కుతూ చెప్పింది. బస్సు దిగిన రోజే వైకుంఠం అందరినీ కూచోబెట్టి, ఎంతో ప్రేమగా మాట్లాడాడట. ఇది పట్నం తల్లీ, ఇక్కడ మెడలో ఉన్నది మెడలోనే తెంపుకుపోతారు, పుస్తె పోయిన ఆడది ఊరికి ఏం మొఖం పెట్టుకుని పోతుంది, నా దగ్గర పెట్టండి, పోయేనాడు మీ చేతుల్లో పెడతా అన్నాడట. పుస్తెలు, మెట్టెలు ఒక బట్టలో మూటగట్టి, వాళ్లు చూస్తుండగానే గోదాము యజమాని రామలింగయ్య సేటు దుకాణంలోకి తీసుకుపోయాడట. సేటు ఇనుప తిజోరిలో పెట్టించాను, ఇక దేవుని దగ్గర ఉన్నట్టే అన్నాడట.

“పోతమంటే ఏమంటడు?”

“పోండ్రి, నేను వద్దన్ననా అంటడు. పుస్తె ఇయ్యమంటే, పని ఒడవనియ్యి, అప్పుడిస్త అంటడు. గీ పని ఎన్నడొడుస్తది పెద్దమ్మా? పుస్తె లేకుండ ఊర్ల అడుగు వెడితే ఏమనుకుంటరు? అమ్ముకుందంటరు. లేకపోతే తెంపేసి ఇంకొకని కాడ ఉన్నదంటరు. మా అత్త గడప తొక్కనిస్తదా? నా కొడుకు ఆమె కాడనే ఉన్నడు. మూడేండ్లోడు. మాటలు సక్కగ రాంగనే ఇడిసిపెట్టి వచ్చిన.”

“మీ ఆయన రాలేదా?”

“వానలు వడంగనే వచ్చి తోలుకపోత అన్నడు. రాలే. నీ మొగడు నిన్ను మర్చిండు అని కంట్రాక్టరు ఎక్కిరిస్తడు.”

కావలివాడు కేక వేశాడు. రాజమణి పరుగెత్తింది. మాణిక్యమ్మ నల్లా కట్టకుండా అట్లాగే నిలబడింది. గిన్నె నిండి, నీళ్లు పొర్లి, చెప్పుల కిందనుంచి పోతున్నాయి. సంకెళ్లు లేవు, కొట్టినవాడు లేడు. పచ్చని తాడు మెడలోంచి తీసి దాచిపెట్టాడు, అంతే. ఆడది ఎటూ పోలేదు. ఎంత తెలివి! ఎంత పాడు తెలివి! వాళ్లమ్మ తలుపు కొట్టినవాడు వీడికంటే నయం, వాడు కనీసం తలుపు కొట్టేవాడు.

ఇంటికొచ్చి సీమోను మీద విరుచుకుపడింది, ఆయనే వైకుంఠమైనట్టు.

“నాకెందుకు చెప్తున్నవే గివన్నీ? మనకెందుకు?” అన్నాడు సీమోను.

“మనకెందుకా? నా మెడల ఉన్న సిలువ పుస్తె ఎవడన్న గుంజుకపోయి పెట్టెల వెట్టుకుంటే గిట్లనే అంటవా?”

“నీ మెడ కాడికి వచ్చే మొగోడు ఇంక పుట్టలే.”

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. “మీ ఫ్యాక్టరీల పాలమూరోడు ఉన్నడన్నవ్ గదా, వారం వారం ఊరికి పోతడని? వానితోని కబురు పంపు. రాజమణి పెనిమిటి కొండల్ అంట. మన ఇంటికి రమ్మను. పెండ్లాం సంగతి మాట్లాడాలె అని చెప్పమను.”

సీమోను మనకెందుకనే మనిషే. కానీ చెప్పిన పని చేసే మనిషి. కబురు పోయింది.

దీపావళి ముందు ఆదివారం, చర్చినుంచి వచ్చేసరికి కొండల్ వాకిట్లో కూచుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి, మాసిన గడ్డం. కూడా ఎవరూ లేరు. లోపలికి రమ్మంటే రాడు, మంచినీళ్లిస్తే తాగడు.

“పెండ్లాం ముచ్చట అని పిలిచిన్రంట. నాకు పెండ్లాం లేదు. గది చెప్పి పోదామని వచ్చిన.”

“ఏమన్నవ్?” అన్నది మాణిక్యమ్మ.

“లేచిపోయింది. వానలు వడ్డ నెలల వచ్చిన నేను. కంట్రాక్టరు కుర్చీల కూసోవెట్టి, చాయ్ తాగిపిచ్చి, తమ్మీ గుండె నిబ్బరం చేసుకో అన్నడు. నీ పెండ్లాం ఒకనితోని పోయింది, పుస్తె తెంపి నా చేతుల వెట్టి పోయింది అన్నడు. అబద్ధం అన్న నేను. సేటు దుకాణంలకు పోయి పుస్తె తెచ్చి చూపిచ్చిండు. మా అమ్మ ఎక్కిచ్చిన పగడమే. వంకర పోయిన రేకే. నేను గుర్తు పట్టనా? ఆడనే పారేసి వచ్చిన.”

మాణిక్యమ్మకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక గల్లీ మొత్తం వినబడింది.

“ఓరి నీ అక్కెర దీర! పుస్తె జూపిస్తే నమ్మినవా? మనిషిని జూపియ్యమని అడగలేదా? నువ్వు చాయ్ తాగిన కుర్చీ యెనకనే షెడ్డుల ఉన్నదిరా నీ పెండ్లాం! మిర్పగోదాముల కండ్లు పోగొట్టుకుంటున్నది! నువ్వు రాలేదని ఏడుస్తున్నది! నా మొగడు సల్లగున్నడు అని నన్ను తిట్టింది!”

కొండల్ లేచి నిలబడ్డాడు. మొఖం నిండా అనుమానం. నమ్మాలని ఉంది, నమ్మితే ఇన్ని నెలలు ఊళ్లో అన్న మాటలు ఏం కావాలి?

మర్నాడు పొద్దున అతణ్ని వెంటబెట్టుకుని ఉస్మాన్‌గంజ్ పోయింది. వైకుంఠం దూరంనుంచే చూశాడు. కావలివాడితో ఏదో అన్నాడు. వీళ్లు దగ్గరికి వచ్చేసరికి షెడ్డుకు గొళ్లెం, గోదాముకు గొళ్లెం. వాకిట్లో చీపుర్లు మాత్రం గోడకు ఆనించి ఉన్నాయి.

“రాజమణా? ఆ మనిషి పోయి నాలుగైదు నెలలాయె. ఈ తమ్మికి నేనే చెప్పిన,” అన్నాడు వైకుంఠం, జాలిగా తలూపుతూ. “తల్లీ, నువ్వు సర్కారు నౌకరి చేసుకునే దానివి. నీకెందుకమ్మా లేనిపోని ఫికరు?”

“మొన్న నల్లా కాడ నాతోని మాట్లాడిందయ్యా ఆ పిల్ల!”

“ఎవలతోని మాట్లాడినవో. నా కాడ ఉన్నోళ్లంతా దిక్కులేని ముండమోసినోళ్లు. బజార్ల ఎవలనన్న అడుగు.”

“బజారేమంటదో నాకెరుకే. నీ నామం చూసి బజారు గుడ్డిదయింది.”

అప్పుడు వైకుంఠం గొంతు మారింది. “ఏయ్, నోరు సంబాళించుకో! ఎవలకన్న అప్పిచ్చిన్నా? ఏ కాయితం మీదన్న ఏలిముద్ర ఏయించుకున్ననా? వెట్టి బందయిందని నాకు తెల్వదా? చట్టం నీకంటె నాకే ఎక్కువ తెలుసు. పో! ఏ దఫ్తర్ల చెప్పుకుంటవో చెప్పుకో!”

లేబరు దఫ్తరుకూ పోయారు. అక్కడున్న ఆయన ఫ్యాను కింద కూచుని విన్నాడు. అప్పు లేకపోతే, కాయితం లేకపోతే తామేం చేయగలమన్నాడు. మనిషే లేదంటున్నాడు కదా, ఎవరిని విడిపించాలన్నాడు. రాసి ఇవ్వమన్నాడు. రాసిస్తే ఎప్పుడు వస్తారంటే, పండుగ పోనీ అన్నాడు.

బయటికి రాగానే కొండల్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“నేను పోత పెద్దమ్మా. రేపు పొద్దుగూకినంక బస్సుంది. మళ్ల ఒకపారి నవ్వులపాలు కానీకి వచ్చినట్టయింది.”

“రేపు పొద్దుగూకే దాక ఉంటవా లేదా?”

“ఉంటే?”

“ఉంటే నీ పెండ్లాం కనవడ్తది. పోతే జిందగీల కనవడది. ఊకె పుస్తె చూసి పోయినవ్ అప్పుడు. ఇప్పుడు గొళ్లెం చూసి పోతనంటున్నవ్. నువ్వేం మొగోనివయ్యా?”

అన్నది గానీ ఎట్లా కనబడుతుందో ఆమెకే తెలియదు. ఇంటికొచ్చి కూచుంటే అన్నం దిగలేదు. రేపు ఈ మనిషి బస్సెక్కితే ఇక రాజమణికి ఊరూ లేదు, కొడుకూ లేడు. నిజంగానే ఎవరూ లేనిది అయిపోతుంది, వైకుంఠం చెప్పినట్టే.

ఎక్కడ ఉన్నాయి ఆ పుస్తెలు? సేటు తిజోరిలో. వైకుంఠం దుకాణంలోకి పోయి తెచ్చాడనే కొండల్ కూడా అన్నాడు. ఆ మాట మనసులో తిరుగుతుండగానే గుర్తొచ్చింది. రేపు దీపావళి. సేట్లకు ఏడాదికొకసారి తిజోరి పండుగ. తిజోరి మొత్తం ఖాళీ చేసి, తుడిచి, పసుపు రాసి, లక్ష్మీపూజ చేస్తారు. రామలింగయ్య సేటు దుకాణంలో ఆ తుడిచే పని ఇంకెవరినీ ముట్టనివ్వకుండా ఆయన భార్య వాసవాంబే చేస్తుందని బజారంతా చెప్పుకునేది.

పండుగ రోజు పొద్దున మాణిక్యమ్మ సేటు ఇంటి వెనక సందులో తలుపు కొట్టింది. దుకాణం కింద, ఇల్లు పైన. పని మనుషులంతా రావలసింది వెనక తలుపుకే. వాసవాంబ మెట్లమీదనే ఆగింది. తలంటుకున్న జుట్టు, ముక్కుకు రెండువైపులా రాళ్ల పుడకలు, మెడలో ఇంత లావు పసుపుతాడు.

“ఎవరే?”

“మాణిక్యమ్మను. బజారు ఊడ్చేదాన్ని.”

“పండుగ మామూలుకా? పూజ కానియ్యి. అప్పుడు రా.”

“మామూలుకు కాదమ్మా. ఒక మాట అడిగిపోదామని వచ్చిన. తిజోరికి పూజ జేస్తరు గదా. మరి అండ్ల పుస్తెలకు గూడ చేస్తరా?”

“ఏం పుస్తెలే?”

“పాలమూరు ఆడోళ్లవి. మీ మోరీలు కడుగుతున్నరు సూడు, వాళ్లయి. వాళ్ల మొగండ్లు బతికే ఉన్నరమ్మా. మెడలకెల్లి తీపిచ్చి, మూటగట్టి, మీ తిజోరిల దాపెట్టిండు మీ పుణ్యాత్ముడు.”

“ఛీ! పండుగపూట ఏం మాటలే అవి? పో అవతలికి!”

“పోత. నా మాట అబద్ధమైతే నీ చెప్పు, నా చెంప. నిజమైతే మాత్రం చూసుకో తల్లీ. బతికున్న ముత్తైదుల మెడలకెల్లి తీసిన పుస్తెల మీద కుంకుమ ఏసి లక్ష్మిని రమ్మంటవో, ఏమంటవో నీ ఇష్టం.”

వాసవాంబ చేయి తనకు తెలియకుండానే మెడమీదికి పోయింది. మెట్లు దిగి, ఇంట్లోనుంచే దుకాణంలోకి నడిచింది.

మాణిక్యమ్మ సందు చుట్టుకుని దుకాణం ముందుకు వచ్చేసరికి లోపల గొడవ మొదలైంది. కొండల్‌ను రమ్మని సైగ చేసింది. పనులు లేక గంజి బట్టలతో కూచున్న హమాలీలు కూడా ఏందేందని వచ్చారు. రామలింగయ్య గద్దెమీదినుంచి లేచి, “ముహూర్తానికి ఇంకా టైముంది గదా, ఎందుకు తొందర?” అంటున్నాడు. “తెరువుండ్రి” అని ఒక్కటే మాట అంటోంది భార్య.

తిజోరి తలుపు తెరుచుకుంది. మూలలో, వెండి సామాన్ల వెనక, ఎర్రగళ్ల రుమాలు మూట. వాసవాంబ ముడి విప్పింది. చెమటకు నల్లబడ్డ పసుపుతాళ్లు, పలచటి రేకు పుస్తెలు, నల్లపూసలు, మెట్టెలు బండమీద ఒలికాయి.

వాసవాంబ అక్కడే కూలబడిపోయింది.

“నాకేం తెలుసు? వైకుంఠం మూట ఇచ్చిండు, భద్రం చేయమన్నడు, పెట్టిన,” అన్నాడు సేటు.

“మధ్యల ఒకసారి వచ్చి తీసుకపోయి మళ్ల తెచ్చిస్తే గూడ అడగలేదా సేటూ?” అన్నది మాణిక్యమ్మ గడప బయటినుంచి. “చింతపండు బస్తల రాయి ఉంటే పట్టుకుంటవ్. గీ మూటల ఏముందో చూడబుద్ధి కాలేదా? చూస్తే అగ్గువకు ఊడ్చేటోళ్లు పోతరని భయమా?”

సేటుకు నిన్నటి దాకా ఈమె మొఖం కూడా సరిగ్గా తెలియదు. ఇప్పుడు ఆ మొఖం తప్పించుకుని కావలివాడి మీద అరిచాడు. “పో! ఆ ఆడోళ్లను తోలుకురా! గొళ్లెం తియ్యి ముందు!”

వచ్చారు. గోదాములో దాక్కోబెట్టిన రాజమణి అందరికంటే వెనక ఉంది. ఎందుకు పిలిచారో తెలియక, తిడతారేమోనని ఒదిగి నిలబడ్డారు. అప్పుడు వాసవాంబ వాళ్లను చూసి ఏడ్వడం మొదలుపెట్టింది.

“పొద్దున లేచి మీ మొఖం చూడొద్దని, వెనక తలుపు కాడ చద్దన్నం పెట్టిపిచ్చిన్నే తల్లీ! ముత్తైదులని తెలిస్తే పెడుదునా? ఎంత పాపం జేసిన!”

ఆ ఏడుపు చూసి హమాలీలకు కూడా కళ్లల్లో నీళ్లొచ్చాయి. మాణిక్యమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

“నిజంగ మొగండ్లు సచ్చినోళ్లే అనుకో అమ్మా. అప్పుడు వెట్టొచ్చునా సద్దన్నం? అప్పుడు కండ్లల్ల కారం కొట్టొచ్చునా? గొళ్లెం పెట్టొచ్చునా?”

వాసవాంబ ఏడుపు ఆపి ఆమెవంక చూసింది. ఆ ప్రశ్న ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

స్కూటరు చప్పుడైంది. వైకుంఠం పరుగున వచ్చాడు, బండమీది మూట చూశాడు, చేతులు జోడించాడు. ఈసారి ఆకాశంవంక చూడటానికి దుకాణం పైకప్పు అడ్డమొచ్చింది.

“భద్రం కోసమే తల్లీ... దొంగలున్న ఊరు...”

“దొంగలున్నరనే చెప్పినవ్. పేరు ఒక్కటి చెప్పలే,” అన్నాడు హమాలీ ఒకడు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుతోనే వైకుంఠం సగం చిక్కిపోయాడు.

ఆడవాళ్లు వంగి ఎవరిది వాళ్లు ఏరుకున్నారు. ఒకరి ముడి ఒకరికి తెలుసు, ఒకరి పూస ఒకరికి తెలుసు, తగాదా రాలేదు. రాజమణి పగడమున్న తాడు తీసుకుని లేచేసరికి ఎదురుగా కొండల్ నిలబడి ఉన్నాడు.

“వచ్చినవా?” అన్నది. అంతలోనే మొఖమంతా వెలిగింది.

కొండల్ తల దించుకున్నాడు. దాచే తెలివి కూడా లేని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వానల్లో వచ్చానన్నాడు, వైకుంఠం పుస్తె చూపించాడన్నాడు, నమ్మానన్నాడు. లేచిపోయిందని ఊళ్లో చెప్పానన్నాడు.

రాజమణి మొఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. అతను చేయి చాచాడు. “ఇటు తే. కడ్త,” అన్నాడు.

“ఈడ వద్దు,” అన్నది రాజమణి.

“ఎందుకే?”

“లేచిపోయిందని ఊర్ల అందరి ముందట అన్నవ్. అందరి ముందటనే కట్టు. మీ అమ్మ ముందట, కట్ట మీద కూసునే మొగోళ్ల ముందట. నాది తప్పయింది, వాని మాట నమ్మిన అని చెప్పి కట్టు. అప్పటిదాక ఇది నా కొంగుల ఉంటది.” కొంగున ముడి వేసుకుంది. “పోదాం పా. నా కొడుకును చూడాలె.”

మాణిక్యమ్మ ఆ పిల్లవంక కొత్తగా చూసింది. నల్లా దగ్గర ఏడ్చిన పిల్లేనా?

ఆ పూటే పోలేదు. చేసిన పనికి కూలి రావాలి కదా. మాణిక్యమ్మ అందరినీ లాల్‌దర్వాజాకు తెచ్చి ఒక్క అర్రలో, వాకిట్లో, పక్కింటి అరుగుమీద సర్దింది. సీమోను మనకెందుకనకుండా బియ్యం తెచ్చాడు. రెండు రోజులు సేటు గద్దె ముందు కూచుంటే వైకుంఠం కొంత విదిల్చాడు. పూర్తిగా ఇవ్వలేదు. అది నిజం. పోలీసులు అతణ్ని ఏమీ అనలేదు, అదీ నిజమే. వాసవాంబ మాత్రం ఒక్కొక్కరికి జాకెట్టుబట్ట, పసుపు, కుంకుమ పంపింది, ముందు తలుపునుంచి.

గౌలిగూడ బస్టాండులో పాలమూరు బస్సు వచ్చి ఆగింది. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు కిటికీల్లోంచి తువ్వాలలు విసురుతున్నారు. కొండల్ కూడా తువ్వాల వేసి సీటు పట్టాడు. రాజమణి ఎక్కబోతూ మాణిక్యమ్మ కాళ్లమీద పడబోయింది.

“కాళ్లు మొక్కితె తంత. ఎక్కు ముందు. కండ్లకు మందు ఏసుకో, రుద్దకు!”

అప్పుడే వెనక తలుపునుంచి కొందరు ఆడవాళ్లు దిగారు. నెత్తిమీద మూటలు, కళ్లల్లో బెదురు. మెడల్లో పసుపుతాళ్లు. గుమ్మటమంత రేకుల కప్పును నోరు తెరిచి చూస్తున్నారు. వాళ్లకెదురుగా వైకుంఠం కావలివాడు చేతులూపుతూ వస్తున్నాడు.

మూడు రోజులైనా కాలేదు! సేట్లు పండుగ మిఠాయి తిని చేతులు కడుక్కుని మళ్లీ వాడికే పని అప్పజెప్పారన్నమాట. బస్సు హారను కొట్టింది. కిటికీలోంచి రాజమణి పిలుస్తోంది. మాణిక్యమ్మ అటు చూడకుండా చేయి మాత్రం ఊపింది. ఆమె అప్పటికే ఆ ఆడవాళ్ల దారికి అడ్డంగా పోయి నిలబడింది.

“ఆగుండ్రి! పని కోసమేనా? ఎవని కాడికి?”

“ఏయ్ ముసల్దానా, జరుగు!” అన్నాడు కావలివాడు.

“నువ్వు జరుగురా! మొన్నటిదాక గొళ్లెం పెట్టిన చెయ్యి గదా అది, విరగ్గొడ్త!” మళ్లీ ఆడవాళ్లవైపు తిరిగింది. “పని చేసుకోండ్రి, వద్దంటలేను. ఊర్ల ఆకలి నాకు తెల్వదా? గని మెడల ఉన్నది ఎవనికీ తీసియ్యకుండ్రి. భద్రం చేస్తనంటడు, అమ్మా అంటడు, తల్లీ అంటడు. ఇయ్యకుండ్రి. గొళ్లెం పెట్టే కాడ పండుకోకుండ్రి. వారం కూలి వారానికే అడుగుండ్రి.”

వాళ్లలో పెద్దామె మూట దించి, అనుమానంగా చూసింది. “నువ్వెవలమ్మా? మాకెందుకు చెప్తున్నవ్?”

“నేను బజారు ఊడ్చేదాన్ని. నమ్మబుద్ధి కాకపోతే నన్నూ నమ్మకుండ్రి,” అంటూ మాణిక్యమ్మ కదులుతున్న బస్సును చూపించింది. “అగో, మూడో కిటికీల కూసున్నది చూడు రాజమణి. ఉరికి పోయి ఆమెను అడుగుండ్రి!”

ఆ పెద్దామె కావలివాడివంక చూసింది, మాణిక్యమ్మవంక చూసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, బస్సు వెంట పరుగు అందుకుంది. “ఓ డ్రైవరన్నా, జర ఆపు!” అని మాణిక్యమ్మ పెట్టిన కేకకు బస్టాండు మొత్తం వెనక్కి తిరిగి చూసింది.